సమాధుల దారిలో మూడు రాళ్లు

పళ్ల డాక్టరు గారి బండి ఎండుగుంటలో దిగబడిందని మస్తానయ్య కేకలేసుకుంటూ వచ్చినప్పుడు నేను చర్చి వరండాలో చాపలు పరుస్తున్నాను. అందరూ పరుగెత్తారు. నేను మాత్రం చాప మడత విప్పుతూ అక్కడే కూర్చుండిపోయాను. బండి ఎందుకు దిగబడిందో నాకు తెలుసు. నా వల్ల దిగబడింది.

మా ఊరు అల్లూరు దాటి సముద్రం వైపు వస్తే చిట్టచివర ఉంటుంది. మా స్త్రీల సమాజం తరఫున అడిగితే, నెల్లూరు నుంచి సంజీవరావు గారనే పళ్ల డాక్టరు వచ్చి ఊరందరికీ ఊరికే చూస్తానని ఒప్పుకున్నారు. ఆయనకొక కారవాన్ ఉంది. చిన్న ట్రక్కు వెనక తగిలించి లాక్కొచ్చే తెల్లటి చక్రాల గది. లోపల పడుకోబెట్టి చూసే కుర్చీ, దీపం, కుళాయి, ఎక్స్‌రే మిషను అన్నీ ఉంటాయని చెప్పారు. నాకూ ఒక దవడపన్ను రెండు నెలలుగా సలుపుతోంది.

రోడ్డు నుంచి చర్చికి రెండు దారులు. ఒకటి సమాధుల దారి. గ్రావెల్ పోసి గట్టిపరిచిన కట్ట అది. రెండోది పోలేరయ్య వదిలేసిన రొయ్యల గుంట మీదుగా. అందులో రొయ్యలు వేసి నాలుగేళ్లయింది. పైన ఉప్పు పొర తెల్లగా ఎండి, నెరలు విచ్చి, చూడటానికి కళ్లంలా ఉంటుంది. మనుషులు నడుస్తారు, గొడ్లు నడుస్తాయి. కానీ జానెడు లోతున నల్లబురద ఏ ఎండకూ ఆరదు. ఈ సంగతి ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. నెల్లూరు డాక్టరుకు ఎలా తెలుస్తుంది? సమాధుల దారి మొదట్లో నడుమెత్తు రాళ్లు మూడు అడ్డంగా నాటి ఉండటం చూసి, ఆయన గుంటలోకి దిగారు.

ఆ రాళ్లు పంచాయతీ వాళ్లు నాటారు. ఒక అర్జీ వస్తే నాటారు. ఆ అర్జీ రాసింది నేను.

నాకు అక్షరాలు యాభై ఎనిమిదో ఏట వచ్చాయి. మా ఆయన ఆదెయ్య పోయినప్పుడు ఏదో కాగితం మీద వేలిముద్ర వేసి, ఆ సిరాను చీర చెంగుకు తుడుచుకుంటుంటే డెబోరా టీచరమ్మ చూశారు. ఆమె రిటైరయి ఊళ్లోనే ఉంటున్నారు. "రేపట్నించి మధ్యానం మా ఇంటికి రా పేరమ్మా" అన్నారు. మొదట నా పేరు నేర్పించారు. పలక మీద ఆమె రాసిస్తే నేను దిద్దేదాన్ని. పలక అయ్యాక, నోటుబుక్కులో ఆమె పెన్సిలుతో రాసిన వరుసల మీద నేను పెన్నుతో దిద్దేదాన్ని. రెండేళ్లు ఆమె అక్షరాల మీదే నా చేయి నడిచింది. చివరికి ఆమె రాతే నా రాత అయింది. ఆ సంగతి అప్పుడు నాకు తోచలేదు. ఊళ్లో వాళ్లు మాత్రం నేను ఆమెకు ఇంటిపనిలో సాయానికి పోతున్నాననుకునేవారు.

ఆదెయ్య సమాధి మీద సిమెంటు శిలువ కట్టించాను. ఇంటి వెనకే సముద్రం ఉండగా ఏటి ఇసుక తెప్పించడం ఎందుకని, ఆ ఇసుకే కలపమన్నాను. "ఉప్పిసక పట్టదు పెద్దమ్మా, రాలిపోతాది" అన్నాడు మేస్త్రి. నేను వినలేదు. రెండో వానాకాలం వెళ్లాక ఒక ఆదివారం పొద్దున వెళ్లి చూస్తే శిలువ పడిపోయి ఉంది. విరిగిన చోట వేలితో తాకితే బెల్లప్పొడిలా రాలింది.

చర్చికి వచ్చేవాళ్లు ఒక్కొక్కరూ ఆగి, ఎట్ట పడిందని అడిగారు. మొగుడి శిలువను ఉప్పిసుకతో కట్టించానని చెప్పడానికి నోరు రాలేదు. దారిలో రోజూ అటు తిరిగే యాసీన్ జీపు చక్రాల గుర్తులు ఉన్నాయి. "జీపు తగిలినట్టుండాది" అన్నాను. ఒకరికి చెప్పాక పదిమందికీ అదే చెప్పాల్సి వచ్చింది. పదిమందికి చెప్పాక నాకే సగం నిజమనిపించింది.

అక్కడితో ఆగినా బాగుండేది. కానీ నాకు కొత్తగా రాయడం వచ్చింది. కాగితం మీద రాసి ఇస్తే పెద్దమనుషులు కదిలి వస్తారని వినేదాన్ని. నా మాటకు పుట్టి బుద్ధెరిగాక ఎవరూ కదిలి రాలేదు. వస్తారో రారో చూడాలనిపించింది. జీపు సమాధులను తొక్కుతోందనీ, శిలువ విరగ్గొట్టిందనీ, ఆ దారి మూయించాలనీ పన్నెండు వరుసలు రాసి పంచాయతీ పెట్టెలో వేశాను. కింద పేరు పెట్టలేదు. ఊళ్లో దాన్ని ఆకాశరామన్న అర్జీ అన్నారు. ఎవరు రాస్తేనేం, శిలువ పడిన మాట నిజమే కదా అని వచ్చి మూడు రాళ్లు నాటారు. నాటుతుంటే నేను గుమ్మంలో నిలబడి చూశాను. ఇప్పుడిది రాయడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ రోజు నాకు సంతోషమేసింది.

యాసీన్ ఆ జీపులో గుంటలకు ఐసు తెచ్చి, పట్టిన రొయ్యల్ని రోడ్డుకు చేరుస్తాడు. నాలుగు చక్రాలూ తిరిగే జీపు అది. ఇసుకలోకైనా బురదలోకైనా మా వైపు అదొక్కటే పోగలదు. దారి మూశాక అతను ఊరంతా చుట్టి పోవాల్సి వచ్చింది. ఐసు కరిగింది, రొయ్యలు మెత్తబడ్డాయి. గుంటల వాళ్లు ఇద్దరు వేరే బండి మాట్లాడుకున్నారు. ఆదెయ్యకు గుండెనొప్పి వచ్చిన రోజు ఆయన తల ఒళ్లో పెట్టుకుని నేను ఆస్పత్రికి వెళ్లింది ఆ జీపులోనే.

పంచాయతీలో ఆ అర్జీని యాసీన్‌కు చూపించారు. అతను ఒకటో తరగతి నుంచి అయిదు దాకా డెబోరా టీచరమ్మ దగ్గరే చదివాడు. ఆ రాత ఎవరిదో గుర్తుపట్టాననుకున్నాడు. నోరెత్తి ఏమీ అనలేదు గానీ, ఆమె ఎదురైతే తల వంచుకుని పక్కకు పోసాగాడు. అతని భార్య ఇర్ఫానా కూతుర్ని ఆమె దగ్గరికి చదువుకు పంపడం మానేసింది. ఊరికి ఇంతకంటే ఏం చెప్పాలి? అందరికీ అర్థమైపోయింది. నాలుగు నెలలు ఇదంతా నేను చూస్తూనే ఉన్నాను. రోజూ మధ్యాహ్నం టీచరమ్మ ఇంటికి పోయి, ఆమె ఇచ్చిన టీ తాగి, పాఠం చదువుకుని వస్తూనే ఉన్నాను.

ఎంతసేపని చాపల దగ్గర కూర్చుంటాను? లేచి గుంట దగ్గరికి వెళ్లాను.

ట్రక్కును అప్పటికే విప్పి, ముప్పై మంది కలిసి కట్ట మీదికి ఎత్తేశారు. దిగబడిన బండిని లాగే బలం దానికి లేదు. కారవాన్ మాత్రం ఒక పక్కకు ఒరిగి, ఇరుసు దాకా బురదలో కూర్చుంది. డాక్టరు గారు ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి నిలబడి ఉన్నారు. ఒక చెప్పు బురదలోనే ఉండిపోయింది.

"చూడండబ్బా, తెల్లగా, ఒరిగిపోయి... జ్ఞానదంతం మాదిరుండాది" అన్నాడు మస్తానయ్య. "ఇప్పుడు దీన్ని పీకే డాక్టరు యాడ దొరకతాడు?"

"గమ్మునుండు మస్తానా" అని కసిరాడు పోలేరయ్య. గుంట ఆయనదే. పంచాయతీ మెంబరు కూడా. "సార్, ఈ పొద్దు మూడింటికల్లా పోటు ఎక్కతాది. ఈ గుంట తూముకు తలుపు పోయి చానాళ్లయింది. ఉప్పునీళ్లు మోకాలిలోతు వచ్చేస్తాయి."

డాక్టరు గారి ముఖం పాలిపోయింది. "లోపల మిషన్లన్నీ కిందనే బిగించాను. ఉప్పునీళ్లు తగిలితే ఇంక పనికిరావు. మూడేళ్లు పట్టిందండీ నాకీ బండి కట్టించుకోవడానికి. మళ్లీ ఇంకోటి కట్టించే వయసు కాదు నాది. ట్రాక్టరేమైనా..."

"ట్రాక్టర్లన్నీ కోతలకు కొడవలూరు పక్కకు పోయినాయి. ఉన్నా, ఈ గుంటలో దిగితే అది కూడా మీ బండికి తోడు కూచుంటాది. యాసీన్ జీపు ఒక్కటే దిక్కు."

టీచరమ్మ ఫోను చేస్తే యాసీన్ ఎత్తలేదు. మస్తానయ్య చేస్తే ఎత్తాడు. ఒంటిగంట దాటాక జీపు వచ్చి రాళ్లకు అవతల ఆగింది. యాసీన్, ఇర్ఫానా దిగారు. యాసీన్ నేరుగా గుంటలోకి వచ్చి మడమతో నాలుగు చోట్ల నొక్కి చూశాడు. కారవాన్ చుట్టూ తిరిగాడు.

"దీంట్లోకి దిగితే నా జీపూ పోతాది. గట్టినేల మీద నిలబెట్టి లాగాల" అని సమాధుల దారి చూపించాడు. "ఆ కట్ట మీంచి లాగితే వస్తాది. కానీ ఆ కట్ట మీదికి నన్ను రానీకుండా చేసినారు కదా."

"రాళ్లు అర్జీ మీద నాటినాం యాసీన్" అన్నాడు పోలేరయ్య. "నా అంతట నేను పీకిస్తే రేపు నా మీద ఇంకో అర్జీ పడతాది. రాసినోళ్లు వచ్చి మాకు వద్దంటే, ఈ నిమిషమే పీకిస్తా."

"రాసినోళ్లు ఈడనే ఉండారు." యాసీన్ టీచరమ్మ వైపు చూడకుండానే అన్నాడు. "చెప్పమనండి."

అందరూ టీచరమ్మ వైపు తిరిగారు. నేను ఆమె వెనకే, చేయి చాపితే తగిలేంత దగ్గరలో నిలబడి ఉన్నాను.

ఆమె వెనక్కి తిరిగి నన్ను చూశారు. కోపం లేదు. పలక మీద కొత్త మాట రాసి, నేను కూడబలుక్కుని చదివేదాకా ఆగుతారే, ఆ చూపు. అంతసేపూ ఆగారు. ఆమెకు అంతా తెలుసునని నాకు అప్పుడే తెలిసింది.

నేను తల దించుకుని నా కాళ్ల వంక చూశాను.

"నేనే రాసినాననుకో యాసీన్" అన్నారామె. "పోలేరయ్యా, రాళ్లు పీకించు. పోటు మన కోసం ఆగదు."

"అనుకోవడమేంది టీచరమ్మా, నాలుగు నెలల్నించీ అనుకుంటానే ఉండా" అన్నాడు యాసీన్.

గడ్డపారలు తెచ్చారు. లోతుగా నాటిన రాళ్లు, ఒక పట్టాన కదల్లేదు. నేనూ పోయి ఒక రాయిని పట్టుకుని ఊపాను. "నీకెందుకు పేరమ్మత్తా, పక్కకుండు" అని ఎవరో నా చేయి తీసి పక్కన పెట్టారు. మూడు రాళ్లూ బయటపడేసరికి రెండు కావస్తోంది. కాలువ వైపు నీళ్లు పొంగడం మొదలైంది. తూము నోట్లో నురగ కనిపిస్తోంది.

యాసీన్ జీపును కట్ట మీదికి తెచ్చి, నేల మీద పట్టు దొరకడానికి నాలుగు చక్రాల్లోనూ మేకుతో నొక్కి సగం గాలి తీసేశాడు. పడవల మోకు రెండు పేటలు చేసి జీపు వెనక కొక్కేనికీ, కారవాన్ ముందున్న ఇనపకడ్డీకీ కట్టించాడు. చక్రాల ముందు బురద చేత్తో తోడి, కొబ్బరి మట్టలూ సరుగుడు కట్టెలూ అడ్డంగా పరిపించాడు.

"గుంజితే తెగతాది. నిదానంగా లాగాల" అని అందరికీ చెప్పాడు. "ఒకటి మాత్రం. కదిలిందంటే మధ్యలో ఆపే పని లేదు. ఆపినామా, ఇంకో జానెడు దిగి కూచుంటాది. మొగోళ్లంతా వెనక నెట్టండి. జీపు వెనక చక్రాల మీద బరువు చాల్లేదు. ఆడోళ్లు అరడజను మంది ఎక్కండి."

"బాగా బలిసినోళ్లనే ఎక్కించుకో అబ్బయా!" అని మస్తానయ్య బురదలోంచి అరిచాడు.

"నీ నోరెక్కితే చాలు మస్తానా, జీపే దిగబడతాది" అని ఎవరో అంటే ఆడవాళ్లంతా నవ్వారు.

నన్ను ముందుగా ఎక్కించారు. డ్రైవరు సీటు వెనకే ఉన్న బల్ల. ఆ రోజు ఆదెయ్యను పట్టుకుని నేను కూర్చున్న బల్ల. పక్కన ఇర్ఫానా కూర్చుంది. టీచరమ్మ కూడా ఎక్కబోయి జీపు కడ్డీ పట్టుకున్నారు. ఇర్ఫానా కాలు కదపలేదు, ముఖం అటు తిప్పుకుంది. టీచరమ్మ కడ్డీ వదిలేశారు.

"నేను మోకు చూస్తాలే, మీరు పోనీండి" అని వెనక్కి నడిచారు.

ఇంజను మోగింది. యాసీన్ చిన్న గేరు కడ్డీ కిందికి నొక్కాడు. మోకు నేల మీంచి లేచి, నీళ్లు కారుస్తూ బిగుసుకుంది.

ఇర్ఫానా నా చెవి దగ్గరికి వంగింది. "చూసినావా అక్కా, నోటితోనే ఒప్పుకునింది. మా ఆయనకు అ ఆలు దిద్దించిన చెయ్యే మా పొట్ట కొట్టింది. ఇంత చదువు చదివి ఏం లాభం? నీ మాదిరి చదువు లేనోళ్లే నయం."

జీపు అంగుళం కదిలింది. ఇంకో అంగుళం. వెనక మగవాళ్లు "హైలెస్సా" అంటున్నారు. కారవాన్ కింద కట్టెలు పటపటమని విరిగాయి. తెల్లటి గది ఒక్కసారి ఊగి, ఒరిగిన పక్క నుంచి కొంచెం నిలబడింది.

"ఆ అర్జీ నేను రాసినా" అన్నాను.

"ఏందక్కా?" ఇంజను చప్పుడులో ఇర్ఫానాకు వినపడలేదు.

"నేను రాసినా!" అని అరిచాను. "టీచరమ్మ కాదు. ఆమె దగ్గర నేర్చుకుని నేను రాసినా. శిలువ కూడా మీ జీపు తగిలి పడలేదు. నేను ఉప్పిసకతో కట్టించినా, అది రాలి పడింది. అబద్ధం రాసినా!"

జీపులో ఉన్న ఆడవాళ్లందరూ విన్నారు. నాకు యాసీన్ మెడ ఒక్కటే కనిపిస్తోంది. ఆ మెడలో నరం తేలింది. చేతులు స్టీరింగు మీద బిగుసుకున్నాయి. కాలు మాత్రం కదల్లేదు. జీపు అదే నడకలో, అంగుళం అంగుళంగా పోతూనే ఉంది. మధ్యలో ఆపకూడదని చెప్పింది అతనే. వెనక్కి తిరిగి నా ముఖం చూడటానికి కూడా అతనికి వీల్లేదు. అలాంటి సమయం చూసుకుని చెప్పానని నాకు తర్వాత తెలిసింది. చెప్పడంలో కూడా ధైర్యం లేకపోయింది నాకు.

బురద పెద్దగా చప్పరించిన చప్పుడు చేసింది. కారవాన్ చక్రాలు కట్ట అంచు ఎక్కి, గ్రావెల్ మీదికి వచ్చి నిలబడ్డాయి. వెనక కేకలు, ఈలలు. డాక్టరు గారు ఒంటి చెప్పుతోనే మస్తానయ్యను కావలించుకున్నారు. జీపులో మాత్రం ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఇర్ఫానా బల్ల మీద నాకు దూరంగా జరిగింది.

"దిగక్కా" అంది. అంతే.

యాసీన్ దిగి మోకు విప్పాడు. చుట్టలు చుట్టి జీపులో పెట్టాడు. నా వంక చూడలేదు. మెల్లగా నడిచి టీచరమ్మ ముందుకు వెళ్లి నిలబడ్డాడు. అంత మనిషీ వంగి ఆమె కాళ్లు పట్టుకున్నాడు.

"లేవరా, బురద కాళ్లు" అన్నారామె. "సోమవారం నుంచి పాపను పంపించు. మూడో ఎక్కం మరిచిపోయుంటాది."

అందరూ కారవాన్ వెనక చర్చి వైపు నడిచారు. గుంటలోకి నీళ్లు వస్తున్నాయి. చక్రాలు చేసిన గుంతలు ఒక్కొక్కటే నిండాయి. నేను టీచరమ్మ దగ్గరికి వెళ్లాను.

"మీకు ఎప్పట్నించి తెలుసు?"

"పంచాయతీ వాళ్లు ఆ కాగితం నాకు చూపించిన రోజే. నా రాత నాకు తెలీదా, నీ రాత నాకు తెలీదా?"

"మరి నన్ను అడగలేదే?"

"నువ్వే చెప్తావనుకున్నా. రోజూ టీ తాగి గ్లాసు కింద పెడతావే, అప్పుడు అనుకునేదాన్ని, ఈ పొద్దు చెప్తుందని." నా వైపు తిరిగారు. "పేరమ్మా, నీకు మొట్టమొదట ఏం నేర్పించినాను?"

"నా పేరు."

"అదొక్కటే నువ్వు రాయలేదు" అని, చర్చి వైపు వెళ్లిపోయారు.

డాక్టరు గారు పొద్దు వాలేదాకా కూర్చుని నలభై మంది పళ్లు చూశారట. నా వంతు వచ్చినప్పుడు పేరు పిలిచారట. నేను ఇంట్లో ఉన్నాను.

సోమవారం పొద్దున జరిగిందంతా కాగితం మీద రాసుకుని పంచాయతీ ఆఫీసుకు వెళ్లాను. అక్కడి గుమస్తా నలుగురి ముందూ పైకి చదివాడు. ఉప్పిసుక మాట దగ్గర ఆగి నా ముఖం చూశాడు. మొత్తం చదివాక, "రాత బాగుంది. టీచరమ్మ చేత రాయించుకొచ్చినావా?" అన్నాడు.

"నేనే రాసినా సార్."

"సరేలేమ్మా" అని నవ్వి, సిరా డబ్బా మూత తీసి నా ముందుకు తోశాడు. "వేలు పెట్టు."

నేను పెన్ను అడిగాను. అతని ముందే నా పేరు రాశాను. అతను పేరు చూశాడు, పైన రాత చూశాడు, మళ్లీ నన్ను చూశాడు. ఇక నవ్వలేదు. సిరా డబ్బా మూత పెట్టేశాడు.

రాళ్లు పీకిన చోట మూడు గుంతలు మిగిలాయి. ఏటి ఇసుక ఒక బండి తెప్పించి, గ్రావెల్‌తో కలిపి గంపతో పోసి నింపుతున్నాను. మూడో గుంత దగ్గర ఉండగా జీపు వచ్చింది. ఇదివరకు ఆ దారిన నేను కనిపిస్తే యాసీన్ హారను కొట్టి, "ఎక్కు పేరమ్మక్కా" అనేవాడు. ఇప్పుడు హారను కొట్టలేదు. దుమ్ము నా మీద పడకుండా జీపును నెమ్మది చేసి, పక్క నుంచి తీసుకుపోయాడు. వెనక బల్ల మీద పాప పలకా సంచీ ఒళ్లో పెట్టుకుని టీచరమ్మ ఇంటికి పోతోంది. నన్ను చూసి చేయి ఊపబోయి, ముందు కూర్చున్న అమ్మ వంక చూసి ఆగిపోయింది.

నేను పక్కకు జరిగి నిలబడ్డాను. జీపు మలుపు తిరిగాక గంపలో మిగిలిన ఇసుక గుంతలో పోసి, కాలితో అదిమాను.